పట్టుపురుగుకున్న అండ

బెంగుళూరు బసవనగుడి దగ్గర టాటా సిల్క్ ఫారం అనే పేట ఉంది. 19వ శతాబ్దం చివర జంషెడ్జీ టాటా జపాను నిపుణులను రప్పించి అక్కడ పట్టుపురుగుల పెంపకం నేర్పించాడు. మల్బరీ తోట పోయింది, పేరు మిగిలింది.

పట్టు మాత్రం శిడ్లఘట్ట, చింతామణి వైపు నిలదొక్కుకుంది. అక్కడి రైతుల్లో చాలామందికి బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. ఆ ప్రాంతంలో ఒక శాఖలో పనిచేసిన రోజుల్లో పంట రుణాల కోసం వచ్చేవారి దగ్గర నేను విన్న మాట ఇది: "పక్క తోటలో మందు కొట్టాలంటే మాకు చెప్పి కొట్టల్ల సార్." నాలుగో జ్వరం లేచిన పురుగు ఆకు ఆబగా తింటుంది. టమోటాకో ద్రాక్షకో కొట్టిన మందు గాలికి వచ్చి మల్బరీ ఆకు మీద పడితే పంటంతా రాత్రికి రాత్రే పోతుంది. అందుకే అడగడం, చెప్పడం అక్కడ మర్యాదగా స్థిరపడింది. పట్టుపురుగుకు యజమాని ఉన్నాడు. అతనికి అప్పు ఉంది. అప్పుకు బ్యాంకు ఉంది.

అడవిలో చెట్టుకు పురుగు పడితే ఎవరికి చెప్పి కొట్టాలి?

టేకు చెట్టుకు హైబ్లియా అనే రెక్కల పురుగు పెద్ద బెడద. వానలు మొదలయ్యే వేళకు దీని గొంగళిపురుగులు దండుగా వచ్చి లేత చిగుళ్ళను ఈనెలు మిగిల్చి తినేస్తాయి. నీలంబూరు లేత టేకు తోటల్లో కేరళ అటవీ పరిశోధన సంస్థవారు లెక్క కట్టారు. పురుగు తినకపోతే పెరగవలసిన కలపలో 44 శాతం పెరగలేదని తేలింది. కాబట్టి అటవీశాఖవారి ఆదుర్దా ఉత్తది కాదు. 1965లో కేరళలోని కోన్నిలో, 1978లో అప్పటి మధ్యప్రదేశ్‌లోని బర్నవపారాలో టేకు తోటల మీద ఆకాశం నుంచి మందు చల్లి చూశారు. పైనుంచి పడే మందుకు టేకాకు తినేదేదో, పక్కనే తీగ మీద పాకే సీతాకోకచిలుక పిల్ల ఏదో తెలియదు.

కాసరగోడు జీడిమామిడి తోటల్లో శత్రువు గొంగళిపురుగు కూడా కాదు, టీ దోమ. 1970ల చివరి నుంచి 2000 దాకా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. మనుషులకు జరిగిన హాని లోకానికి తెలిసింది. 2011 మేలో సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతటా ఆపింది. మనుషుల గోడు వినడానికే అన్నేళ్ళు పట్టిన చోట సీతాకోకచిలుక గోడు కోర్టు మెట్లు ఎక్కుతుందా? ఆ మందు పురుగుల్లో మంచీ చెడూ చూసేది కాదు.

దానికి బదులుగా వచ్చిన బీటీ చరిత్ర విచిత్రమైనది. 1901లో జపానులో ఇషివాతా అనే శాస్త్రజ్ఞుడు, ఉన్నట్టుండి వాలిపోయి చచ్చే పట్టుపురుగుల్లో ఆ సూక్ష్మజీవిని కనిపెట్టాడు. అంటే ముందు అది పట్టు రైతు పాలిట శని. 1911లో జర్మనీలో బెర్లినర్ పిండిపురుగులో దాన్నే చూశాడు. 1938లో ఫ్రాన్సులో మందుగా అమ్మకానికి వచ్చింది. మనుషులకు, పక్షులకు హాని తక్కువ, ఎండకు కొద్ది రోజుల్లో విరిగిపోతుంది. నిజమే. కానీ ఆ కొద్ది రోజుల్లో మందు పడిన ఆకు తినే గొంగళిపురుగులు చాలా జాతులవి చస్తాయి. బ్రిటన్‌లో 2013లో ఓక్ చెట్లకు పట్టిన ఒక రెక్కల పురుగు కోసం బెర్క్‌షైర్ అడవిలో హెలికాప్టరుతో బీటీ చల్లినప్పుడు అక్కడి సీతాకోకచిలుకల సంరక్షకులు ఆందోళన పడింది ఇందుకే.

కర్ణాటక తన రాష్ట్ర సీతాకోకచిలుకగా ఎంచుకున్నది నలుపు, పసుపు రెక్కల పెద్ద జాతి. ఇంగ్లీషులో సదరన్ బర్డ్‌వింగ్ అంటారు. దాని పిల్ల ఈశ్వరి తీగ జాతి ఆకులు తిని బతుకుతుంది. ఈశ్వరి తీగ మీద ఎవరికీ పంట రుణం ఇవ్వరు. నేనూ ఇవ్వలేదు.

నీలంబూరు టేకుకు మరో దారి దొరికింది. 1980లలో అదే కేరళ సంస్థవారు హైబ్లియా పురుగుకు సహజంగా వచ్చే ఒక వైరస్ జబ్బును గుర్తించి, దాన్నే మందుగా చల్లి చూశారు. అది ఆ పురుగునే పట్టుకుంటుంది, పక్క జాతుల జోలికి పోదు. అయితే పురుగు చిన్నగా ఉండగానే, దండు మొదలైన తావు కనిపెట్టి చల్లాలి. వైరస్‌ను పెంచాలన్నా ఆ గొంగళిపురుగులనే తెచ్చి మేపాలి. సీసా మూత తిప్పి నీళ్ళలో కలిపేసినంత సులువు కాదు. చిగురు వేసే కాలమంతా తోటలో మనిషి తిరుగుతూ ఉండాలి.