‘పాత్రలో జీవించడం’ అనే మాట వెనుక: తెలుగు రంగస్థలంపై పాత్రపోషణ పద్ధతులు

నటుల సంస్మరణ సంచికలలోనూ నాటక సమీక్షలలోనూ విసుగు లేకుండా పునరుక్తమయ్యే ప్రశంస ఒకటి ఉంది. ఫలానా నటుడు ఫలానా పాత్రలో జీవించాడన్నదే ఆ మాట. ప్రశంసగా దానిని తప్పుపట్టనక్కరలేదు. అయితే నాటకచరిత్ర రాసేవారు సైతం అక్కడే ఆగిపోవడం వల్ల, నటుడు ఏ సాధనాలతో పాత్రను నిర్మించుకున్నాడన్న ప్రశ్న మన పరిశోధనలో మరుగున పడింది. ఆ సాధనాలు నాటకప్రక్రియను బట్టి మారుతూ వచ్చాయి. ఆ మార్పును కొన్ని ఉదాహరణల ద్వారా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలనే అభినయ విభాగం అందరికీ తెలిసినదే. పాత్రపోషణకు అంతకంటె దగ్గరైన చర్చ నాట్యశాస్త్రంలోనే మరొకచోట ఉంది. జీవుడు ఒక దేహాన్ని విడిచి వేరొక దేహంలో ప్రవేశించి దాని స్వభావాన్ని పొందినట్లు నటుడు పరభావాన్ని పొందాలన్నాడు భరతుడు. పాత్రధారికీ పాత్రకూ గల సంబంధాన్ని అనురూప, విరూప, రూపానుసారిణి అని విభజించి, పురుషుడు స్త్రీపాత్ర ధరించడాన్ని మూడవదానిలో చేర్చాడు. కూచిపూడి భామాకలాపంలోని సత్యభామ ఈ కోవకు చెందుతుంది. అక్కడ ప్రేక్షకునికి మొదట కనిపించేది ముఖం కాదు, తెరమీదుగా వేసిన జడ. పాత్రలోని దర్పం ముందుగా ఒక అలంకారవస్తువులో వ్యక్తమై, ఆ తరువాతనే ప్రవేశదరువుతో దేహంలోకి వస్తుంది.

1880లో ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరం వచ్చి వెళ్ళిన నాటినుండి మొదలైన ఆధునిక రంగస్థలంలో పరిస్థితి వేరు. పద్యనాటకం స్థిరపడిన కొద్దీ పాత్రకు ప్రధానాధారం వాచికమైంది. పద్యానికి రాగాన్ని ఎంచుకోవడం, ఏ పాదం దగ్గర విరవాలో, ఏ మాటను పట్టి ఆలాపన సాగించాలో నిర్ణయించుకోవడం నటుని పని. దానినే ‘బాణీ’ అన్నారు. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు, అద్దంకి శ్రీరామమూర్తి ధర్మరాజు అని నటుని పేరుతో పాత్రను గుర్తించడం ఈ బాణీల వల్లనే సాధ్యమైంది. మరణించిన పాత్ర కూడా ‘వన్స్ మోర్’ కేకలకు లేచి మళ్ళీ పద్యం అందుకునేదన్న పరిహాసం ప్రసిద్ధమే. కాని పరిహాసంతో సరిపెట్టుకుంటే అసలు విషయం జారిపోతుంది.

ఒకే రాత్రి, ఒకే నాటకంలో ఒక పాత్రను ఇద్దరు ముగ్గురు నటులు పంచుకునే ఆచారాన్ని చూడండి. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అన్న మాటలు పద్యనాటకం ఎరిగిన వారికి కొత్త కావు. కాటిసీను హరిశ్చంద్రుడు వేరుగా వస్తాడు. పడకసీనులో చూసిన ముఖం రాయబారంలో మారిపోయినా ప్రేక్షకునికి రసభంగం కలగదు. ఆ ప్రేక్షకుని దృష్టిలో కృష్ణుడు ఒక వ్యక్తి మనస్సులో క్రమంగా పెరిగే స్వభావం కాదు. ముందే సిద్ధంగా ఉన్న మూర్తి. నటుడు ఆ ఘట్టానికి దానిని తన గొంతులో ప్రతిష్ఠిస్తాడు. పాత్రలో జీవించడమనే కొలమానాన్ని ఇక్కడ వాడితే పద్యనాటక నటుణ్ణి అకారణంగా తక్కువ చేసినట్లవుతుంది.

1892 ఆగస్టు 13న విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కం ఇందుకు భిన్నమైన సాధనాన్ని నటుని చేతికిచ్చింది. గిరీశాన్ని ఇంకొకడు మధ్యలో అందుకుని కొనసాగించడం కష్టం. ఇంగ్లీషు ముక్కలు కలిపిన మాటతీరు, ఎదుటివారిని బట్టి మారే ధోరణి అంతా ఒకే నోట నిలవాలి.

ఈ మార్గాన్ని నటనలో పట్టుదలగా నడిపినవాడు బళ్ళారి రాఘవ (1880–1946). ఆయన సహజ నటనను స్తానిస్లావ్‌స్కీ సిద్ధాంతంతో వివరించాలన్న ఉత్సాహం సులభంగా కలుగుతుంది. కాలక్రమం దీనికి అంతగా సహకరించదు. స్తానిస్లావ్‌స్కీ ఆత్మకథ ఇంగ్లీషులో వెలువడింది 1924లో, శిక్షణను వివరించే గ్రంథం 1936లో. అప్పటికి రాఘవకు యాభైఆరేళ్ళు. పఠాన్ రుస్తుం వంటి పాత్రలతో ఆయన కీర్తి ఎన్నడో స్థిరపడింది. మూలాలను దగ్గరలోనే వెదకవచ్చు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకవాతావరణం, షేక్‌స్పియర్ పఠనం, న్యాయవాద వృత్తి ఆయనను తీర్చిదిద్దాయి. సాక్షి మాట వెనుక ఉద్దేశాన్ని పట్టుకునే న్యాయవాది, పాత్ర మాటలనూ అలాగే చదివి ఉంటాడని నా ఊహ. పాత్ర ఎందుకు మాట్లాడుతోందన్న ప్రశ్న వేసుకున్నవాడికి రాగాలాపన అడ్డంకిగా తోచడం సహజం. పాటలను, పద్యాలను తగ్గించమన్న ఆయన వాదం సంగీతద్వేషం కాదు. పి.వి. రాజమన్నార్ ‘తప్పెవరిది’ వంటి సాంఘిక నాటకాలను చేపట్టడం, స్త్రీపాత్రలకు స్త్రీలే కావాలని పట్టుపట్టి కొమ్మూరి పద్మావతీదేవి వంటివారిని రంగస్థలానికి తేవడం ఆ ప్రశ్ననుండే వచ్చాయి. సురభి కుటుంబాలలో స్త్రీలు అంతకు ముందే నటిస్తున్నారన్నది ఇక్కడ మరువరాదు. వారు పురుషపాత్రలు కూడా ధరించారు.

రాఘవ వాదం గెలిచిందనుకుంటే స్థానం నరసింహారావు (1902–1971) కాలం చెల్లిన కళకు చివరి ప్రతినిధిగా మిగలాలి. చరిత్రలు ఆయనను దాదాపు అలాగే చిత్రించాయి. తెనాలి రామవిలాస సభ నటుడైన స్థానం సత్యభామ, రోషనార, చింతామణి, దేవదేవి, మధురవాణి పాత్రలు ధరించాడు. ఈ జాబితాలోనే ఆయన పద్ధతికి సాక్ష్యముంది. వీరిలో వేశ్యలే ముగ్గురు. స్త్రీని అనుకరించడం మాత్రమే ఆయన విద్య అయితే ముగ్గురూ ఒక్కటిగా కనిపించాలి. చీరకట్టులో, నడకలో, చూపులో తేడాలతో ఆయన వారిని వేరుచేశాడు. అంటే ఆయన ఆహార్యాన్ని కేవలం వేషంగా కాక, పాత్ర అంతరంగాన్ని వెదికే మార్గంగా వాడుకున్నాడు. శ్రీకృష్ణ తులాభారంలోని సత్యభామకు పాట కూడా తానే కూర్చుకున్నాడు. పద్యాల ఆసరా లేని మధురవాణిని సైతం నిలబెట్టాడు. బయటినుండి లోపలికి సాగిన ఈ పద్ధతి తెరమీది జడతో మొదలయ్యే భామాకలాపానికి దగ్గర చుట్టం. రాఘవది లోపలినుండి బయటికి వచ్చిన పద్ధతి. 1956లో స్థానానికి పద్మశ్రీ లభించేనాటికి నాటకపోటీలలో సాంఘిక నాటకాలదే పైచేయి. స్త్రీపాత్రలు నటీమణుల చేతికి వచ్చాయి. చీరకట్టు నుండి పాత్రను పట్టుకునే ఆయన విద్యను మాత్రం పురుషుల స్త్రీవేషం పద్దులోనే రాసి పక్కనబెట్టారు.