టోఫుతో ‘మీట్‌బాల్స్’: ఉండ విడిపోకూడదంటే ముందు నీళ్ల సంగతి చూడాలి

రాయ్‌పూర్‌లోని తెలీబంధా చెరువు గట్టును ఇప్పుడు ఊరంతా మెరైన్ డ్రైవ్ అంటోంది. సాయంత్రమైతే అక్కడ నడకకు వచ్చేవాళ్లు ఎందరో, తిండికి వచ్చేవాళ్లూ అందరు. తెలీ అంటే నూనె గానుగ ఆడేవారు, మనవైపు గాండ్లవారు. నూనె పేరు మోస్తున్న ఈ పేటలోనూ నూనెలో వేయించకుండా ఓవెన్‌లో కాల్చుకునే వంటల మీద ఆసక్తి పెరుగుతోంది. మాంసం లేకుండా టోఫుతో చేసే ‘మీట్‌బాల్స్’ అలాంటివే. పెద్ద దుకాణాల్లో టోఫు దొరుకుతోంది, కొన్నిచోట్ల ‘సోయా పనీర్’ అనే పేరుతో. బల్లమీద పెట్టుకునే చిన్న ఓవెన్ చాలా ఇళ్లలో ఉంది. అయినా మొదటిసారి చేసినవాళ్లలో చాలామందికి ఒకటే అనుభవం. ఓవెన్‌లోంచి తీసేటప్పుడు బాగానే ఉన్న ఉండ సాస్‌లో వేయగానే పొడి పొడి అయిపోతుంది.

తప్పు చేతివాటానిది కాదు, టోఫు స్వభావానిది. ఆ స్వభావాన్ని లెక్కలోకి తీసుకోకుండా మాంసం వంటకం కొలతల్లో మాంసం తీసేసి టోఫు పెడితే పని జరగదు.

టోఫు ఎందుకు అతుక్కోదు

కైమాలో ఉప్పు వేసి పిసికితే మాంసంలోని మయోసిన్ అనే ప్రోటీన్ బయటికి వచ్చి జిగురులా మారుతుంది. వేడి తగలగానే అది గట్టిపడి ముక్కల్ని పట్టి ఉంచుతుంది. గుడ్డు చేసే పనీ అదే. పచ్చిగా ఉన్న ప్రోటీన్ వేడికి గడ్డకట్టడమే ఇందులో కిటుకు.

టోఫులో ఆ పని ముందే అయిపోయింది. సోయాపాలు కాచి, నిమ్మరసమో మెగ్నీషియం క్లోరైడో కాల్షియం సల్ఫేటో వేసి విరిచి, గుడ్డలో వేసి బరువు పెట్టి నొక్కితే వచ్చేదే టోఫు. అంటే అది అప్పటికే గడ్డకట్టిన ప్రోటీన్. దాన్ని చిదిమి మళ్లీ వేడి చేస్తే కొత్తగా అతుక్కునేదేమీ లేదు. ఉడికిన ఇడ్లీని చిదిమితే ఉప్మా అవుతుంది కానీ తిరిగి ఇడ్లీ కాదు కదా, అదే సంగతి.

కాబట్టి అతికించే పని వేరే పదార్థం చెయ్యాలి. దాంతోపాటు టోఫులో పట్టి ఉన్న నీళ్లు తగ్గాలి. నీళ్లు తియ్యకుండా పిండి మాత్రం పెంచితే ఉండ నిలబడుతుంది గానీ తింటే పిండిముద్దే. ఈ రెంటినీ ఒకటిగా చూడకపోవడం వల్లే చాలా వంటలు చెడిపోతున్నాయి.

నీళ్లు తీసే పద్ధతులు రెండు. మొదటిది బరువు. గట్టి టోఫును శుభ్రమైన గుడ్డలో చుట్టి, పైన పళ్లెం పెట్టి, దానిమీద 2, 3 కిలోల బరువు అరగంట నుంచి 40 నిమిషాలు ఉంచాలి. 400 గ్రాముల టోఫులో 80 గ్రాముల దాకా తగ్గితే సరిపోతుంది. కంటితో అంచనా కట్టడంకన్నా ముందూ తర్వాతా తూచి చూసుకోవడం నయం. రెండోది గడ్డకట్టించడం. రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి మర్నాడు కరగనిస్తే లోపల మంచు పలుకులు చేసిన కన్నాలతో టోఫు స్పాంజిలా మారుతుంది. చేత్తో పిండితేనే నీళ్లు కారిపోతాయి, నమలడానికి కాస్త పీచుగానూ ఉంటుంది. జపాన్‌లో కోయాదోఫు పుట్టింది ఈ సూత్రం మీదే. తీరిక ఉంటే ఈ రెండో పద్ధతే మేలు. మీగడలా జారే మెత్తటి టోఫు మాత్రం రెండు పద్ధతులకూ లొంగదు, ఈ వంటకు దాన్ని కొనకూడదు.

జిగురు మన వంటింట్లోనే ఉంది

పాశ్చాత్య పద్ధతిలో రొట్టె పొడి, గుడ్డు వేస్తారు. తెలుగిళ్లలో కైమా ఉండలకు పుట్నాలపప్పు పొడి వేయడం ఎప్పటినుంచో ఉన్నదే. వేయించిన పప్పు కాబట్టి పచ్చివాసన ఉండదు, తేమను బాగా పీల్చుకుంటుంది. అయితే పట్టు కోసం దానికి తోడు కొంచెం పచ్చి శనగపిండి కూడా కావాలి. వేడికి, తేమకు ఉబ్బి బిగుసుకునేది పచ్చి పిండిలోని గంజిపదార్థమే.

ఛత్తీస్‌గఢ్ వంటింటి దగ్గర మరో పాఠం ఉంది. అక్కడ మిగిలిన అన్నాన్ని మెదిపి, బియ్యప్పిండి కలిపి, పిడికిట్లో నొక్కి ఆవిరి మీద ఉడికించే ముఠియా ఇంటింటి వంట. ఫరా కూడా దాదాపు అదే పిండితో చేస్తారు. మెదిపిన అన్నం ఎంత మంచి జిగురో ఆ వంటలు చూస్తే తెలుస్తుంది. టోఫు ముద్ద పగుళ్లు తీస్తుంటే గుప్పెడు అన్నం మెదిపి కలిపితే చాలు, రొట్టె పొడి కోసం వెతకనక్కర్లేదు. గుడ్డు స్థానంలో అవిసె గింజల పొడి సరిపోతుంది. అవిసె ఛత్తీస్‌గఢ్‌లో బాగా పండే పంటే, అక్కడ అల్సీ అంటారు.

ఇక కొలతలు. 16 ఉండలకు గట్టి టోఫు 400 గ్రాములు (నీళ్లు తియ్యకముందు), బరకగా పొడిచేసిన ఎండు మీల్ మేకర్ 25 గ్రాములు, పుట్నాల పొడి 4 పెద్ద చెంచాలు, శనగపిండి 2 పెద్ద చెంచాలు, అవిసె పొడి 1 పెద్ద చెంచా, మధ్యరకం ఉల్లిపాయ 1, అల్లంవెల్లుల్లి ముద్ద 1 చిన్న చెంచా, పచ్చిమిర్చి, కొత్తిమీర, అర చిన్న చెంచా గరం మసాలా, తగినంత ఉప్పు, పెద్ద చెంచాడు నూనె. సోయా సాస్ వేసేటట్టయితే ఉప్పు తగ్గించాలి, అందులోనే చాలా ఉంటుంది.

మీల్ మేకర్ ఎందుకన్న ప్రశ్న రావచ్చు. నూనె తీసేసిన సోయాపిండితో చేసే ఆ ఉండలను రాయ్‌పూర్‌లో సోయాబడీ అంటారు. టోఫుకు లేని నమిలే గుణం దానికుంది, పైగా ఎండుది కాబట్టి టోఫులో మిగిలిన తేమను పీల్చుకుంటుంది. నిజం చెప్పాలంటే కైమా పోలికే ముఖ్యమనుకుంటే టోఫుకన్నా మీల్ మేకరే దగ్గరి చుట్టం, చవక కూడా. టోఫు ఇచ్చేది మెత్తదనం.

ఉల్లిపాయను సన్నగా తరిగి తడి ఇగిరేదాకా వేయించాలి. పచ్చిగా వేస్తే ఉప్పు తగిలి నీరు విడుస్తుంది, అంతసేపు బరువు పెట్టిన శ్రమ వృథా. అవిసె పొడిని 3 పెద్ద చెంచాల వేడి నీళ్లలో 10 నిమిషాలు నాననివ్వాలి. టోఫులో పావు వంతును శనగపిండితో కలిపి మెత్తగా రుబ్బుకోవాలి, మిగతాది చేత్తోనే చిదమాలి. మొత్తం మిక్సీలో వేస్తే ముద్దయిపోయి గారెపిండిలా తయారవుతుంది. అన్నీ కలిపి 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచాక ఒక్క ఉండ చేసి, ఒక అరచేతిలోంచి రెండో అరచేతిలోకి జానెడు ఎత్తు నుంచి వదిలి చూడాలి. పగిలితే కాస్త అన్నం, చేతికి అంటుకుంటే కాస్త పుట్నాల పొడి. నిమ్మకాయంత, అంటే 30 గ్రాములకు మించకుండా చుడితే లోపలిదాకా సమంగా కాలుతాయి.

ఓవెన్‌ను 200 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టి కనీసం 10 నిమిషాలు ముందుగా వేడెక్కనివ్వాలి. ఉండలకు నూనె పూసి, ఒకదానికొకటి తగలకుండా పేర్చి, మధ్య అరలో 15 నిమిషాలు, తిప్పి మరో 10, 12 నిమిషాలు కాల్చాలి. పైన తడి ఉన్నంతసేపూ ఉండ పైభాగం 100 డిగ్రీలు దాటదు, ఎర్రబడటం మొదలయ్యేది సుమారు 140 డిగ్రీల తర్వాతే. తడి టోఫు ఎంతసేపు కాల్చినా పాలిపోయి ఉండటానికి కారణం ఇదే. బయటికి తీశాక 10 నిమిషాలు కదపకూడదు. చల్లారేకొద్దీ గంజి బిగుసుకుంటుంది, వేడిమీద తీసి సాస్‌లో వేస్తే మళ్లీ మొదటి కథే. సాస్‌లో వేసి మరిగించడం కూడా వద్దు, వడ్డించడానికి 5 నిమిషాల ముందు వేసి మూత పెడితే చాలు.

కరెంటు ఖర్చు గురించి భయపడేవాళ్లకు ఒక లెక్క. 1,500 వాట్ల ఓవెన్ 40 నిమిషాలు ఆగకుండా పనిచేసినా అయ్యేది 1 యూనిట్. ఓవెన్ లేనివాళ్లు ఇడ్లీ పాత్రలో 10, 12 నిమిషాలు ఆవిరిపట్టి, తర్వాత గుంటపొంగనాల పెనంలో చుక్క నూనెతో ఎర్రగా తిప్పుకోవచ్చు. కన్వెక్షన్ లేని మామూలు మైక్రోవేవ్‌లో మాత్రం ఇవి ఎర్రబడవు, తడిసి ముద్దయినట్టే ఉంటాయి.

పోలిక కావాలా, వద్దా

మాంసం మానేసినవాళ్లు మాంసంలా కనిపించే వంట ఎందుకు చేసుకోవాలన్న ప్రశ్న ఈ నేలకు కొత్త కాదు. 1756లో గిరౌద్‌పురిలో పుట్టిన గురు ఘాసీదాస్ ఛత్తీస్‌గఢ్‌లో సత్‌నామ్ పంథాన్ని నిలబెట్టారు. మాంసం, మద్యం విడిచిపెట్టడం ఆ బోధలో ముఖ్యమైన భాగం. రస్సెల్, హీరాలాల్ 1916లో వెలువరించిన సెంట్రల్ ప్రావిన్సెస్ కులాలు, తెగల గ్రంథం మరో నియమాన్ని కూడా నమోదు చేసింది. రక్తం రంగును తలపిస్తాయి కనుక ఎర్ర కందిపప్పులాంటి మసూర్‌నూ, మిరపనూ, టమాటానూ కూడా విడిచిపెట్టాలన్నది ఆ నియమం. అక్కడ మాంసమే కాదు, దాని గుర్తు కూడా దూరంగా ఉండాలన్న పట్టుదల కనిపిస్తుంది. అదే ప్రాంతంలో దామాఖేడా పీఠంగా ఉన్న కబీర్‌పంథీలూ శాకాహారాన్నే పాటిస్తారు.

జపాన్ దీనికి ఎదురు దారిలో నడిచింది. అక్కడ టోఫును చిదిమి, కూరగాయల ముక్కలు కలిపి నూనెలో వేయించే ఉండను గన్మొదోకి అంటారు. గన్ అంటే అడవి బాతు, మొదోకి అంటే దాన్ని పోలినది. మాంసం పేరు పెట్టుకోవడానికి అక్కడి శాకాహార వంటకు అభ్యంతరం లేకపోయింది. మన సొరకాయ కోఫ్తా కూడా ఒకప్పటి మాంసపు ముద్ద పేరునే మోస్తోంది, ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

పెట్టే మనిషి ఎవరో చూసుకోవడం వంటలో భాగమే. ఇంటికొచ్చిన అతిథి మాంసాన్ని తలపించేదేదీ ముట్టనివారైతే ‘మీట్‌బాల్స్’ అని పిలిచి, ఎర్రటి టమాటా సాస్‌లో ముంచి పెట్టడం మర్యాద కాదు. దానికి బదులు పచ్చిమిర్చి కూడా మానేసి, మిరియాలు, ఇంగువ వేసిన మజ్జిగ పులుసులో ఈ ఉండలు చక్కగా ఒదుగుతాయి. ఛత్తీస్‌గఢ్‌లో మినప్పిండి ఉండలను పుల్లమజ్జిగలో వేసి చేసే డుబ్‌కీ కఢీకి ఇది దగ్గరి బంధువే. రాయ్‌పూర్, భిలాయిల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ రుచి వేరే చెప్పనక్కర్లేదు. పాల పదార్థాలు కూడా తిననివారికైతే మజ్జిగ బదులు కొబ్బరిపాలు, చింతపండు.

పోషకాల మాట

టోఫులో ప్రోటీన్ ఎంతన్నది దాని గట్టిదనాన్ని బట్టి బాగా మారుతుంది, అందుకే పొట్లం మీది అంకెనే నమ్మాలి. 100 గ్రాములకు 12 గ్రాములని ఉంటే 400 గ్రాముల్లో 48 గ్రాములు, నలుగురు పంచుకుంటే తలకు 12. మీల్ మేకర్, పిండ్లు ఇచ్చేది దీనికి అదనం. కానీ మాంసానికి ఇది పూర్తి ప్రత్యామ్నాయం అనడం సరికాదు. విటమిన్ బి12 మొక్కల ఆహారంలో సహజంగా ఉండదు, టోఫులోనూ లేదు. పాలు, గుడ్లు కూడా మానేసిన ఇళ్లలో బి12 సంగతి విడిగా చూసుకోవలసిందే. థైరాయిడ్‌కు లెవోథైరాక్సిన్ మాత్ర వేసుకునేవారిలో సోయా ఆ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గించవచ్చు, మాత్రకూ భోజనానికీ మధ్య ఎంత ఎడం ఉండాలో డాక్టరును అడగాలి. సోయా అలర్జీ ఉన్నవాళ్లకు ఈ వంట పనికిరాదు.

రాజనాందగావ్, కబీర్‌ధామ్ వైపు సోయా పండుతుంది. అయినా దేశంలో పండే సోయాలో ఎక్కువ భాగం నూనె మిల్లులకే పోతుంది. టోఫు ఇంట్లో చేసుకోవాలనుకుంటే రాత్రంతా నానబెట్టిన గింజలను వేడినీళ్లు పోసి రుబ్బాలి, చల్లని నీళ్లతో రుబ్బితే పచ్చి వాసన ఎక్కువవుతుంది. పాలను కనీసం 15 నిమిషాలు మరగనివ్వాలి. పచ్చి సోయాలో ప్రోటీన్ జీర్ణం కాకుండా అడ్డుపడే పదార్థాలు ఉంటాయి, వాటిని తగ్గించేది ఆ మరుగే. వడకట్టగా మిగిలిన పిప్పిని పారేయకుండా మూకుడులో తడి పోయేదాకా వేయించి, మీల్ మేకర్ పొడి స్థానంలో ఈ ఉండల్లోనే వాడుకోవచ్చు.

రాయ్‌పూర్ ఎండల్లో టోఫు బయట నిలవదు. పొట్లం విప్పాక నీళ్లలో మునిగేలా ఫ్రిజ్‌లో ఉంచి, రోజూ నీళ్లు మార్చి, మూడు రోజుల్లో వాడేయాలి. పుల్లవాసన వచ్చినా, జిగట తగిలినా పారేయడమే. కాల్చిన ఉండలు ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటాయి, విడివిడిగా గడ్డకట్టించి డబ్బాలో వేస్తే నెల దాకా వస్తాయి. వాటిని కరిగించకుండా నేరుగా 180 డిగ్రీల ఓవెన్‌లో లోపలిదాకా వేడెక్కేవరకు, సుమారు 15 నిమిషాలు పెడితే పైన మళ్లీ కరకరలాడతాయి.