ప్రేమోన్మాద హింస

ఇష్టపడి దగ్గరైన జంటలో ఒకరు, లేదా ప్రేమ నిరాకరణకు గురైనవారు, చాలావరకు యువకుడు, ఎదుటివారిని తన సొత్తనుకుని నిఘా, బెదిరింపు, దాడి, చివరకు హత్య దాకా వెళ్లే నేరాలను ప్రేమోన్మాద హింస అంటారు. 2023లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 51,100 మంది స్త్రీలు, బాలికలు భాగస్వామి లేదా కుటుంబసభ్యుల చేతిలో హతమయ్యారని ఐక్యరాజ్యసమితి అంచనా.

మొదట్లో ఈ ఉన్మాదం ఆపేక్షలాగే ఉంటుంది. క్లాసు అయ్యేసరికి కాలేజీ గేటు దగ్గర బండి సిద్ధం. రాత్రి ఒంటిగంటకు ‘ఇంకా ఆన్‌లైన్‌లో ఎందుకున్నావ్, ఎవరితో?’ అని మెసేజ్. తర్వాత ఫోన్ పాస్‌వర్డ్, లొకేషన్ అడుగుతాడు. స్నేహితుల నంబర్లు తీసెయ్యమంటాడు. కాదంటే చెయ్యి కోసుకుని ఫొటో పంపుతాడు. అమ్మాయి ఇక చాలనుకున్నాక ప్రమాదం బాగా పెరుగుతుంది. అంతకుముందే ఒకసారి గొంతు నులిమినవాడైతే ప్రాణాపాయం మరీ ఎక్కువని పరిశోధనలు తేల్చాయి. ‘ఆఖరిసారి ఒక్కసారి కలుద్దాం రా’ అన్న పిలుపుకు ఒంటరిగా అస్సలు వెళ్లకూడదు.

రంగారెడ్డి జిల్లా చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఇంజినీరింగ్ కాలేజీలు, చిలుకూరు బాలాజీ గుడి, దగ్గర్లోనే గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు, మర్రిచెట్ల బీజాపూర్ రోడ్డు ఉండటంతో నగరం నుంచి జంటలు బండ్ల మీద వస్తుంటాయి. మెయిన్ రోడ్డు దిగితే ఫామ్‌హౌస్ ప్రహరీలే. చీకటి పడ్డాక కేకేసినా పలికే దిక్కుండదు.

తెలుగునాట ఈ హింసను మరిచిపోలేని విధంగా చూపింది వరంగల్. 2008 డిసెంబరులో, ఒకరు ప్రేమను నిరాకరించారన్న కక్షతో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోశారు. బాధితుల్లో ఒకరు ఆ నెలాఖరుకే కన్నుమూశారు. నిందితులు ముగ్గురూ రోజుల్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం హర్షించారు. కానీ విచారణే జరగలేదు, ఆ దాడికి ముందు ఎవరు ఏ హెచ్చరికను పట్టించుకోలేదో కోర్టులో తేలనే లేదు.

యాసిడ్ దాడి, వెంటపడటం 2013లోనే ప్రత్యేక నేరాలయ్యాయి. ఇప్పుడవి భారతీయ న్యాయసంహిత 124, 78 సెక్షన్ల కిందికి వస్తాయి. 2005 నాటి గృహహింస చట్టం మాత్రం ఒకే ఇంట్లో కలిసి ఉంటున్న, లేదా ఒకప్పుడు ఉన్న స్త్రీలకే రక్షణ ఇస్తుంది. విడివిడిగా ఉండే కాలేజీ జంటలకు అది అందదు. తెలంగాణలో 2014లో మొదలైన షీ టీమ్స్ అనే పోలీసు బృందాలకు వాట్సాప్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. అత్యవసరమైతే 112, సలహాకు 181. నంబరు బ్లాక్ చేసేముందు బెదిరింపు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తీసి, నమ్మకస్తులకు పంపి ఉంచాలి.