మెరీనాకు చేరిన ఇసుక, రాయపురంలో పోయిన వీధి

నేను చదివింది తమిళంలో. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించండి.

పోయిన నెల మనవాళ్ళ పెళ్ళికి రాయపురం వెళ్ళాను. అక్కడ ఒక పెద్దావిడ, "మా చిన్నప్పుడు రోడ్డు దాటితే ఇంకో వీధి, దాని తర్వాత ఇసుక, ఆ తర్వాతే సముద్రం. సముద్రానికి కోపం వచ్చి అన్నీ మింగేసింది నాయనా" అన్నది. పెళ్ళి సందడిలో ఆమెకు బదులు చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

మన తీరంలో ఇసుక ఒకచోట నిలవదు. నైరుతి ఋతుపవనాల నెలల్లో అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వస్తాయి. వచ్చే అల ఇసుకను ఏటవాలుగానే పైకి నెడుతుంది. తిరిగిపోయే నీళ్ళు దాన్ని నేరుగా కిందికి లాగుతాయి. అలా అల అలకూ ఇసుక కొంచెం ఉత్తరానికి జరుగుతుంది. ఈశాన్య ఋతుపవనంలో వెనక్కు, దక్షిణానికి నడుస్తుంది. ఏడాది లెక్క వేస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ.

రాయపురం రైల్వే స్టేషను 1856లో తెరిచారు. దక్షిణ దేశంలో అదే మొదటిది. అప్పటికి మద్రాసుకు హార్బరు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకులూ మనుషులూ పడవల్లో అలల మీదుగా ఒడ్డుకు రావాలి. 1861లో ఇనుప స్తంభాల మీద సముద్రంలోకి ఒక పియరు కట్టారు. స్తంభాల మధ్య నుంచి నీళ్ళకు, ఇసుకకు దారి ఉండేది. కానీ తుఫానులకు అది దెబ్బతిన్నది. 1875లో హార్బరుకు పునాదిరాయి వేశారు. ఈసారి కట్టినవి సందులేని గోడలు. 1881 నవంబరు తుఫాను వాటిని బాగా దెబ్బతీసినా, మళ్ళీ కట్టారు.

దక్షిణపు గోడ దగ్గర ఇసుక ఆగిపోయింది. ఒకప్పుడు కోట గోడల దగ్గరిదాకా వచ్చిన సముద్రం వెనక్కు జరిగింది. గవర్నరు గ్రాంట్ డఫ్ 1880లలో నడకదారి వేయించి మెరీనా అని పేరు పెట్టిన తీరం ఏటేటా వెడల్పయింది. ఇసుక హార్బరు తూర్పు ద్వారానికి కూడా అడ్డం పడింది. 1904లో వచ్చిన ఇంజనీరు ఫ్రాన్సిస్ స్ప్రింగ్ దాన్ని మూయించి, ఈశాన్యం వైపు కొత్త ద్వారం తెరిపించాడు.

రైల్వేలో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన మాటలో చెబుతాను. వ్యాగన్లను ఒక స్టేషనులో నిలిపేస్తే అక్కడి యార్డు నిండిపోతుంది, తర్వాతి స్టేషనుకు సరుకు రాదు. మెరీనా నిండిన యార్డు, రాయపురం సరుకు రాని స్టేషను. అలలు అక్కడి ఇసుకను ఎప్పటిలాగే ఉత్తరానికి తీసుకుపోయాయి, దాని బదులు రావలసింది రాలేదు. ఒడ్డు కోసుకుపోయింది.

తర్వాత రాళ్ళగోడ వేశారు, సముద్రంలోకి అడ్డంగా రాళ్ళకట్టలు కట్టారు. వాటితో కొన్నిచోట్ల ఇసుక నిలిచింది. కానీ ఒకచోట ఆపిన ఇసుక దాని ఉత్తరాన ఉన్నవాళ్ళకు తక్కువే అవుతుంది. కోత ఎన్నూరు వైపు జరుగుతూ పోయింది.

కాబట్టి ఇది సముద్రం కోపం కాదు. ఊరికి హార్బరు కావలసి వచ్చింది, దాని ఖరీదు ఉత్తరపు వీధులవాళ్ళు కట్టారు. మెరీనాలో గాలికి కూర్చున్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒక మనవి. తండయారుపేట, రాయపురం, కాశిమేడు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు మన సంఘంలో చాలా ఉన్నాయి. మీ ఇళ్ళలో పాత పట్టాలు, ఫోటోలు, పోయిన వీధుల పేర్లు ఉంటే పెద్దవాళ్ళను అడిగి రాసి ఉంచండి. ఆ వీధులు ఇప్పుడు నీళ్ళ కింద ఉన్నాయి. ఆ పెద్దావిడ తరం పోతే వాటి పేర్లు చెప్పేవాళ్ళు కూడా ఉండరు.