ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్

ముడిసరుకు, మనుషులు, యంత్రాలు, సమయం: వీటన్నిటినీ కూర్చి కొనేవారికి పనికొచ్చే వస్తువుగానో సేవగానో మార్చే పనిని నడిపేది ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్. మార్కెటింగ్ గిరాకీ తెస్తుంది, ఫైనాన్స్ పెట్టుబడి సమకూరుస్తుంది. ఒప్పుకున్న సరుకును ఒప్పుకున్న నాణ్యతతో, ఒప్పుకున్న రోజుకు అందించే భారం మాత్రం దీనిదే.

పనిని ముక్కలుగా విడదీస్తే ఉత్పత్తి ఎంత పెరుగుతుందో ఆడం స్మిత్ 1776లోనే గుండుసూదుల తయారీని చూపి వివరించాడు. 1913లో హెన్రీ ఫోర్డ్ హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాక, పన్నెండున్నర గంటలు పట్టే కారు చాసిస్ బిగింపు దాదాపు గంటన్నరకు దిగింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత టయోటాలో తైచి ఓనో, కావలసినప్పుడు కావలసినంతే తయారుచేసే పద్ధతిని తీర్చిదిద్దాడు. లోపం కనబడితే లైన్ ఆపే అధికారం అక్కడ కార్మికుడికే ఉంటుంది.

ఈ శాస్త్రం ఫ్యాక్టరీలకే పరిమితం కాదనడానికి మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రిని మించిన ఉదాహరణ అరుదు. ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో దాన్ని మొదలుపెట్టారు. శుక్లాలతో చూపు పోయినవారు లక్షల్లో ఉన్నారు, సర్జన్లేమో కొద్దిమంది. అందుకే అక్కడి ఏర్పాట్లన్నీ సర్జన్ సమయం వృథా కాకుండా చూసేవే. థియేటర్లో బల్లలు పక్కపక్కనే ఉంటాయి. ఒకరికి శస్త్రచికిత్స జరుగుతుండగానే రెండో బల్ల మీద మరొకరిని సిద్ధం చేస్తారు. మొదటిది ముగియగానే సర్జన్ మైక్రోస్కోపును అటు తిప్పుకుని పని అందుకుంటారు. చూపు పరీక్షలు, కొలతలు, రోగికి నచ్చజెప్పడం వంటివి ప్రత్యేక శిక్షణ పొందిన యువతులు చూసుకుంటారు. వీరిలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవారే. దిగుమతి లెన్సుల ఖరీదు అడ్డు రావడంతో 1992లో ఆరోలాబ్ స్థాపించి సొంతంగా తయారుచేసుకున్నారు. డబ్బు కట్టగలిగినవారి ఫీజుల మిగులుతో పేదలకు ఉచితంగా వైద్యం చేస్తారు. ఇంత వేగంలో నాణ్యత దెబ్బతినదా అన్న సందేహం న్యాయమైనదే. శస్త్రచికిత్స తర్వాత తలెత్తిన సమస్యలను నమోదు చేసి సమీక్షించడం అందుకే అక్కడి దినచర్యలో భాగం. నా దృష్టిలో అసలు గొప్పతనం వేగంలో కంటే ఈ క్రమశిక్షణలోనే ఉంది.

నిరీక్షణకూ ఒక లెక్క ఉంది. జాన్ లిటిల్ 1961లో దాన్ని గణితపరంగా నిరూపించాడు. గంటకు 60 మంది వచ్చే ఓపీలో ఒక్కొక్కరు సగటున 2 గంటలు ఉంటే, లోపల సగటున 120 మంది ఉంటారు. కుర్చీలు పెంచితే ఈ రద్దీ తగ్గదు. ఎక్కడ పని నిలిచిపోతోందో కనిపెట్టి ఆ 2 గంటలను కుదించాలి. సిబ్బందికి క్షణం తీరిక లేకుండా పని నింపడమూ మందు కాదు. రాక ఎప్పుడూ ఒకేలా ఉండదు కనుక, సామర్థ్యం అంచుకు చేరేకొద్దీ వరుస విపరీతంగా పెరుగుతుంది.

నిల్వల విషయంలోనూ ఇలాంటి హద్దే ఉంది. 2011లో జపాన్‌ను తాకిన భూకంపం, సునామీలతో విడిభాగాల సరఫరా తెగిపోయాక, నిల్వలు తగ్గించడంలో ప్రపంచానికి పాఠం చెప్పిన టయోటాయే చిప్‌ల వంటి కీలక భాగాలను నెలల తరబడి సరిపడేలా నిల్వ ఉంచాలని తన సరఫరాదారులను కోరింది.