జెంటిల్, జెంటూ, తెలుగు: ఒక శబ్దము చేసిన యాత్ర

శబ్దమునకు యౌగికార్థము, రూఢ్యర్థము అని రెండు తెరగుల అర్థములను శాస్త్రకారులు చెప్పిరి. ధాతువును బట్టి వచ్చునది యౌగికము. లోకవ్యవహారము నిలుపునది రూఢి. ధాతువు ఒక్కటియే అయినను, రూఢి ఒకచోట గౌరవమును, వేరొకచోట తిరస్కారమును కలిగింపగలదు. 'జెంటిల్' అను ఆంగ్లపదము ఇందుకు చక్కని దృష్టాంతము. ఆ పదకుటుంబము తెలుగువారి పేరును సైతము తాకినది.

లాటిన్ భాషలో 'జెన్స్' అనగా వంశము. సంస్కృతమున జన, జన్మ, జాతి శబ్దములకు మూలమైన 'జన్' ధాతువునకు ఇది సోదరమని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. ఒకే వంశమునకు చెందినవాడు 'జెంటీలిస్'. ఈ పదము ఫ్రెంచి ద్వారమున ఆంగ్లమును చేరి 'జెంటిల్' అయినది. మొదట సద్వంశజాతుడని, పిమ్మట మృదుస్వభావుడని దాని అర్థము. 'జెంటిల్‌మన్' అను మర్యాదవాచకము అందుండియే వచ్చినది. అదే లాటిన్ పదము క్రైస్తవ మతగ్రంథముల మార్గమున 'జెంటైల్' అయి, అన్యజనుడు, అన్యమతస్థుడు అను అర్థమును పొందినది.

ఈ రెండవ అర్థమే ఓడలనెక్కి భారతదేశమునకు వచ్చినది. 1498లో వాస్కోడిగామా కాలికట్టు తీరమును చేరిన పిమ్మట, పోర్చుగీసువారు ఇచటి హిందువులను 'జెంటియో' అనిరి. ఆంగ్లేయుల నోట అది 'జెంటూ' అయినది. 1776లో లండనులో ముద్రితమైన హాల్‌హెడ్ ధర్మశాస్త్రానువాదమున 'జెంటూ' అనగా హిందువు. మద్రాసు ప్రాంతమున మాత్రము ఆ పేరు తెలుగువారికిని, వారి భాషకును రూఢమైనది. 1816లో క్యాంప్‌బెల్ ప్రకటించిన వ్యాకరణ నామములో 'తెలుగు' ముందు నిలిచినను, 'సామాన్యముగా జెంటూ అనబడునది' అను వివరణ తప్పలేదు. 1852 నాటి బ్రౌను నిఘంటువు పేరులో 'తెలుగు' మాత్రమే మిగిలినది.

ఆ జాతికి స్వంత నామము లేకపోలేదు. నేటి సంగారెడ్డి జిల్లాలోని తెల్లాపూర్ శిలాశాసనము అందుకు సాక్షి. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా కాలమున, 1417 నాటిదిగా చెప్పబడు ఆ శాసనమున 'తెలంగాణపురము' అను పేరు కనబడును. పోర్చుగీసు నౌకలు రాకమునుపు ఎనుబది యేండ్లకే ఈ నేలపేరు శిలపై నిలిచియున్నది. ఆ పేరు కాళేశ్వరము, శ్రీశైలము, ద్రాక్షారామము అను త్రిలింగక్షేత్రముల నుండి కలిగినదని సంప్రదాయము. పండితులలో భిన్నాభిప్రాయములును కలవు.

అయితే పరులను దూషించి ఊరకుండుట జిజ్ఞాసువునకు తగదు. 'మ్లేచ్ఛ' ధాతువునకు ధాతుపాఠము చెప్పిన అర్థము అవ్యక్తమైన పలుకు మాత్రమే. రూఢిలో అది పరజనులపట్ల నిందావాచకమైనది. ఐతరేయ బ్రాహ్మణమున శునశ్శేపోపాఖ్యానము, విశ్వామిత్రుని శాపమునకు గురియై అంత్యులైన వారిలో ఆంధ్రులను పేర్కొన్నది. ఆ ఆంధ్రదేశముననే కాలాంతరమున వేదాధ్యయనము వర్ధిల్లినది. ఆ బ్రాహ్మణమును కంఠస్థము చేసి కాపాడినవారిలో ఆంధ్రులును కలరు. వెలివేసిన పేరు వారి విద్యను ఆపలేకపోయినది.

నేడు తెల్లాపూర్ పరిసరములందు పటాన్‌చెరు కర్మాగారములు, బహుళాంతస్తుల భవనములు వెలసినవి. పలు రాష్ట్రములవారు, పలు భాషలవారు పొరుగువారై నివసించుచున్నారు. పొరుగువానిని ఏ పేరుతో పిలువవలెను అను ప్రశ్న అచట నిత్యము ఎదురగుచున్నది. 'జన్' ధాతువునకు స్వజనుడు, పరజనుడు అను భేదము లేదు, పుట్టినవాడెల్ల జనుడే. భేదమును కల్పించునది పలుకువాని మనస్సు. వాక్తపస్సుకు ఉద్వేగమును కలిగింపని వాక్యమును తొలి లక్షణముగా గీతాచార్యుడు విధించుటలోని ఆంతర్యము ఇదియే.