పాటకు పోయిన సింహద్వారం

లండన్‌లో హాంప్‌స్టెడ్ గుట్ట మీద సెయింట్ జాన్ చర్చి ఉంది. దాని వాకిట ఉన్న ఇనుప తలుపులు ఆ చర్చి కోసం చేసినవి కావు. వేరే లోగిలికి కాపు కాయాల్సిన తలుపులవి. ఆ లోగిలి ఇప్పుడు లేదు.

కానన్స్ అంటారు దాన్ని. లండన్‌కు వాయవ్యాన, ఎడ్జ్‌వేర్ పక్కన ఉండేది. కట్టినవాడు జేమ్స్ బ్రిడ్జెస్, తర్వాతి రోజుల్లో షాండోస్ డ్యూక్. 1705 నుంచి 1713 దాకా పరదేశాల్లో పోరాడే ఇంగ్లండ్ సేనలకు జీతాలు పంచే అధికారి. సిపాయిల జీతాలు ఆయన చేతి మీదుగా సాగుతుంటే సొంత పెట్టె నిండింది. ఇంటికి 2 లక్షల పౌండ్లకు పైగా పోశాడంటారు. 1717, 1718ల్లో సంగీతకర్త హాండెల్ అక్కడ ఉండి, డ్యూక్ కొలువు కోసం కీర్తనలు కట్టాడు.

ఆ కాలపు ఇనుప పని చూస్తే కడుపు నిండుతుంది. మూసలో పోసింది కాదది. కమ్మరి కొలిమిలో కడ్డీని ఎర్రగా కాచి, దాగలి మీద పెట్టి, చల్లారేలోగా తీగలా చుట్ట తిప్పాలి. పలచటి రేకును సుత్తితో కొట్టి కొట్టి ఆకుకు ఈనెలు తేవాలి. చల్లారితే మళ్లీ కొలిమిలోకే. ఒక్కో తలుపు వెనక ఎన్ని చేతులు కాలాయో! ఆ చేతుల పేర్లు ఏ తలుపు మీదా లేవు. యజమాని కులచిహ్నం మాత్రం ఉంటుంది.

1720లో సౌత్ సీ కంపెనీ వాటాలు కుప్పకూలాయి. డ్యూక్ చాలా పోగొట్టుకున్నాడు. 1744లో కన్నుమూశాడు. కొడుకు హెన్రీ మీద అప్పులు పడ్డాయి. 1747లో కానన్స్‌ను వేలం వేశారు. పన్నెండు రోజులు సాగింది. వేలాన్ని మనం పాట అంటాం. హాండెల్ పాట విన్న ఇంట్లో ఈ పాట కూడా వినబడిందని తలచుకుంటే నా గుండె కలుక్కుమంటుంది.

మెట్లు చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు కొన్నాడు. ప్రార్థన మందిరపు రంగుటద్దాలు, కప్పు మీది చిత్రాలు వూస్టర్‌షైర్‌లోని గ్రేట్ విట్లీ చర్చికి చేరాయి. తలుపులు హాంప్‌స్టెడ్‌కు వచ్చాయి. గోడల్ని రాళ్ల లెక్కన అమ్మేశారు. ఆ నేల కొన్న హాలెట్ కుర్చీలూ బల్లలూ చేసే పనివాడు. అక్కడే చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడది ఆడపిల్లల బడి.

ఎడ్జ్‌వేర్ పెద్ద వీధిలో, కానన్స్ డ్రైవ్ మొదట్లో, పాత ద్వారం స్తంభాలు రెండూ ఇంకా నిలిచే ఉన్నాయి. వాటి మీద డ్యూక్ కులచిహ్నం ఉంది. మధ్య తలుపులు లేవు. కార్లు ఆగకుండా లోపలికి పోతుంటాయి.